రెట్ట డబ్బాతో వరంగల్‌కు

మా షెడ్డులో నాలుగు వందల నాటుకోడి పిల్లలకు ఒకేసారి నీళ్ల పారుడు రోగం పట్టుకుంది. రోజూ రెండు మూడు చస్తున్నాయి. ములుగు డాక్టరు సెలవులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, తాజా రెట్ట తీసుకుని వరంగల్ పశువుల దవాఖానకు పొమ్మన్నాడు. రెట్ట పట్టుకుని బస్సెక్కడానికి మా ఆయనకు సిగ్గు. అలా నా ప్రయాణం మొదలైంది.

పొద్దున ఏడుంబావుకు ములుగులో హన్మకొండ బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్టు. కిటికీ సీటు దొరికింది, ఒళ్లో స్టీలు డబ్బా. గూడెప్పాడు దాటాక పక్కనున్న పెద్దమ్మ అడగనే అడిగింది.

"ఏం కూర బిడ్డా?"

"కోడిదే పెద్దమ్మా," అన్నాను. అబద్ధమేం కాదు.

జర మూత తీయమంది, వాసన చూస్తుందట. ఇక నిజం చెప్పక తప్పలేదు. ఆమె హన్మకొండ దాకా నిలబడే వచ్చింది.

ఎనిమిదిన్నరకు దిగి, చేతులు రెండుసార్లు కడుక్కుని ఇడ్లీ తిన్నాను. దవాఖాన పదింటికి గాని తెరవరు. మీరు పోయేటట్లయితే తొందరపడకండి. ఆలోగా ఆటోలో మట్టెవాడ వెళ్లి ఒక దాణా షాపులో పారుడుకు మందు అడిగాను. షాపాయన మూడు సీసాలు వరసగా పెట్టాడు. ఒకదాని మీద పహిల్వాన్‌లా ఛాతీ విరుచుకున్న పుంజు బొమ్మ. అరుగుదలకు పొడి కూడా ఉందన్నాడు. అది పదిహేను రోజులుగా వాడుతూనే ఉన్నానన్నాను.

"గట్లయితే డబల్ డోసు ఏయక్కా. అండ్ల మంచి పురుగులుంటయి, పేగులల్ల సంసారం పెడతయి," అన్నాడు.

కొందామనే అనుకున్నాను. ముందు రెట్ట సంగతి తేలనీ అని బయటపడ్డాను.

దవాఖానలో డాక్టరమ్మ రెట్టను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, నీళ్లు ఎలా పెడుతున్నావని అడిగింది. నేను గర్వంగా చెప్పాను: ట్యాంకులో బ్లీచింగ్ వేసి, అవే నీళ్లలో అరుగుదల పొడి కలుపుతున్నానని. ఆమె పెన్ను కింద పెట్టింది.

"పొడిల ఉండేటియి ప్రాణమున్న సూక్ష్మజీవులమ్మా. బ్లీచింగ్ నీళ్లల్ల సచ్చిపోతయి. పదిహేను రోజుల సంది నువ్వు కోళ్లకు శవాలు తాపినవ్."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చచ్చిన కోడిపిల్లల్ని గుంట తీసి పూడ్చింది నేనే. అసలు రోగం షెడ్డులో కింద పరిచిన ఊక తడవడంతో వచ్చిందట. ఊక మార్చి, రాసిచ్చిన మందు ఐదు రోజులు తాపి, తర్వాతే పొడి వాడమంది. అదీ నీళ్లలో వద్దు, దాణాలో కలపమంది.

ఒంటిగంట బస్సులో తిరుగు ప్రయాణం. ఆత్మకూరు దగ్గర మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నువ్వు మర్చిపోతవని రోజు పొద్దుగూకినంక నేను గూడ బ్లీచింగ్ ఏస్తున్ననే," అన్నాడు.

బస్సులో అందరి ముందు తిట్టలేక, ఇంటికి పోయాక తిట్టాను. ఆ తర్వాత ఇద్దరం ముక్కులకు గుడ్డ కట్టుకుని తడి ఊకంతా ఎత్తిపోశాం. వారంలో చావులు ఆగాయి. వరంగల్ మాకు గంటంబావు దూరం. పది రోజుల ముందే పోవాల్సింది.