ఊరంతా షేర్ చేసింది

చేతిలో ఫోనుంటే చాలు, మనిషిని ఆదుకున్నట్టే అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఊరికే మండదు. కారణం ఉంది.

పోర్టులో మాది క్రేన్ పని. మాకో కట్టుబాటు ఉంది. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు మనిషి, మెట్లెక్కి పైకొచ్చి సీటు పక్కన నిలబడేదాకా ఆపరేటర్ కిందికి దిగకూడదు. కడుపునొప్పి వచ్చినా, ఇంటి నుంచి కబురొచ్చినా అంతే. ఏళ్ళ తరబడి నా సీటు అందుకున్న మనిషి ఆ మధ్యాహ్నం రాలేదు. ఇంకెవరినో పంపారు. ఏమైందో కనుక్కుందామని దిగి టీ బడ్డీ దగ్గరికి వస్తే, మావాళ్ళంతా తలలు వంచుకుని ఫోన్లలో మునిగి ఉన్నారు.

అతను పొద్దున్న మా గ్రూపులో మెసేజి పెట్టాడు. "ఇంక నా వల్ల కాదు. నా కోసం ఎవరూ వెతకొద్దు" అని. దాని కింద మావాళ్ళ నిర్వాకం చూడాలి. ఒకడు నవ్వు బొమ్మ పెట్టి, రాత్రిది ఇంకా దిగలేదేటి బావ అన్నాడు. ఒకడు దణ్ణం బొమ్మ. ఒకడు బైబిలు వాక్యం. ఒకడు ధైర్యం చెప్పే వీడియో, అదీ సగంలో ప్రకటనతో. అడ్మిన్ మహానుభావుడైతే ఇది డ్యూటీ గ్రూపు, సొంత విషయాలు పెట్టరాదని హెచ్చరిక. మరో పెద్దమనిషి, ఇలా చెప్పేవాళ్ళెవరూ చెయ్యరులే అని తేల్చేశాడు. ఎవడు చెప్పాడయ్యా నీకు? నోరు తెరిచి చెప్పినవాడి మాటే ముందు వినాలి!

అక్కడితో ఆగితే బాగుండును. ఒకడు ఆ మెసేజిని, అతని ఫొటోనీ, ఫోన్ నంబరునీ కలిపి ఊళ్ళో ఉన్న గ్రూపులన్నిటికీ పంపాడు. ప్లీజ్ షేర్ అట. లోకల్ వార్తలు పెట్టే పేజీవాడొకడు దాన్ని ఎత్తుకుని, వెనకాల ఏడుపు సంగీతం తగిలించి వదిలాడు. నేను ఫోన్ చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే మళ్ళీ బిజీ. ముక్కూ మొహం తెలియని జనమంతా ఆ నంబరు మీద పడ్డారు.

"టైపు సెయ్యడం ఆపండ్రా! ఎవుడైనా ఇంటికి ఎల్లేడా?" అని అరిచాను.

అతనుండేది మల్కాపురం అని అందరికీ తెలుసు. ఏ వీధో ఒక్కడికీ తెలీదు. మా పరిచయాలన్నీ క్రేన్ మీదే పుట్టి క్రేన్ మీదే ఆగిపోతాయి. ఇదో దిక్కుమాలిన బతుకు.

బండి తీసి మల్కాపురం వెళ్ళి, కనబడ్డ ప్రతి కొట్టు దగ్గరా ఫొటో చూపించాను. ఒక కిరాణా కొట్టాయన చూడగానే గుర్తుపట్టాడు.

"ఈ బాబేనా? ఇందాకే నానూ షేర్ సేసేను తమ్ముడూ. పాపం."

"ఇల్లెక్కడో తెలుసేటి?"

"తెలకపోడమేటి? మా గోడ పక్కదే."

నా చెయ్యి అతని కాలర్ మీదికి ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలీదు. "పక్కింట్లో ఉండి ఊరందరికీ పంపినావు గానీ, తలుపు కొట్టడానికి కాళ్ళు రానేదేటి నీకు?" అన్నాను. మనకెందుకొచ్చిన గొడవని, అని నసిగాడు. ఆ మాట వినగానే ఇంకో నాలుగు తిట్టబుద్ధేసింది. తీరిక లేక వదిలేశాను.

ఆ పక్కింటి తలుపు కొట్టి, తీసేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. తీశాడు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. సూటిగా అడిగేశాను.

"సచ్చిపోదావనుకుంటన్నావేటి బావ?"

అలా అడగకూడదంటారు కొందరు. అడిగితే లేని ఆలోచన పుడుతుందట. వట్టి మాట. అడిగాకే అతను కింద కూలబడి ఏడ్చాడు. "అవును బావ. నిద్దర్నేదు. నానుంటే అందరికీ బరువే" అన్నాడు. ఆ ఫోను కట్టేసి, పక్కన కూర్చున్నాను. ఇంకో మనిషి వచ్చి కూర్చునేదాకా ఇక్కణ్ణించి లేవనని చెప్పాను.

మద్దిలపాలెంలో బట్టల కొట్లో పనిచేసే అతని భార్య ఆటోలో పరిగెత్తుకొచ్చింది. కొనడానికొచ్చినావిడ ఫోన్లో మొగుడి ఫొటో చూసిందట. "ఫోన్ సేత్తనే ఉన్నాను అన్నయ్యా, ఒకటే బిజీ. ఊరంతటికీ దొరికేడు, నాకు దొరకనేదు" అని గోడకి తల ఆనించి కూలబడింది.

నా ఫోన్ నుంచే, చావాలనిపించే వాళ్ళ కోసం నడిపే సహాయ కేంద్రానికి చేశాం. అవతల ఉన్నావిడ తొందరపెట్టకుండా అతని మాటంతా విన్నది. ఒంటరిగా వదలొద్దు, ఈ రోజే డాక్టరుకి చూపించండి అని మాకు చెప్పింది. అప్పుడే పెద్దాసుపత్రికి, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. వైద్యం మొదలైంది.

తర్వాత తనే ఫోన్ తెరిచి ఇంకో గ్రూపు చూపించాడు. అందులో ఎవరికీ ఎవరూ తెలీదు. కష్టం చెప్పుకుందామని చేరాడట. మనలాంటోళ్ళకి ఇంతే అన్నా అని ఒకళ్ళనొకళ్ళు ఇంకా లోపలికి లాక్కుంటున్నారు. వాళ్ళనీ ఏమనలేను, వాళ్ళూ మునుగుతున్నవాళ్ళే. కానీ ఒకడు మాత్రం, ధైర్యం లేదా అని ఇతన్ని ఎగదోశాడు. వాడి మీద ఆ యాప్ వాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని జవాబొచ్చింది. థూ, మీ నియమాలు తగలెయ్య!

రెండోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, ఎవరో పంపారని అతను ఫోన్ నా ముందు పెట్టాడు. ఆ పేజీవాడు అతని ఫొటోకి దండ వేసేశాడు. బతికున్నాడో లేదో కనుక్కోనైనా లేదు. కింద వందల మంది, ఆత్మకు శాంతి అని. మా అడ్మిన్ కూడా ఉన్నాడు.

"బావ, నాను పోయేనంట" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. "కింద ఏటి రాయమంటావ్?"

లోపల్నించి నర్సు అతన్ని పేరు పెట్టి పిలిచింది.

"ఏటీ రాయకు. నిన్నే పిలుస్తన్నారు, లెగు" అన్నాను.

ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు.