ఉతికినా పోని నల్లచుక్కలు

లాండ్రీ నడిపే ఆ పెద్దమనిషిని వీధంతా మరకల మావయ్య అంటుంది. బట్టలు తెచ్చిన మనిషిని తర్వాత పలకరిస్తాడు, ముందు మరకను పలకరిస్తాడు. అంతటివాడికి ఆ రోజు కంటి డాక్టరమ్మ తెల్లకోటు మీద నల్లచుక్కలు కనిపించాయి.

"నువ్వు సరిగ్గా జాడించలేదు," అన్నాడు భార్యతో.

ఆవిడ కోటును వెలుతురులోకి ఎత్తి చూసింది. "ఏ మరకా లేదు. శుభ్రంగా ఉంది."

"నీ కంటికి ఏం కనబడుతుందిలే," అని కోటు లాక్కుని మళ్లీ ఉతికాడు. చుక్కలు పోలేదు సరికదా, సాలెపోగు లాంటిదొకటి వచ్చి చేరింది. మళ్లీ ఉతికాడు. ఏం పాపం చేసుకుందో గాని, ఆ కోటుకు నరకం చూపించాడు. మధ్యలో కంటి చివర తళుక్కున మెరిస్తే, ఇస్త్రీపెట్టె వైరు నిప్పులు కక్కుతోందని ప్లగ్గు పీకేశాడు. పీకాక కూడా మెరిసింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, ఇంక కంటికేం రోగం? తప్పు బట్టది కాకపోతే భార్యది. ఆయన లోకజ్ఞానం అంతవరకే.

సాయంత్రం కోటు కోసం డాక్టరమ్మే వచ్చింది.

"మరక వదలడం లేదమ్మా. రేపిస్తాను."

"ఎక్కడుంది మరక?"

మావయ్య జేబు మీద వేలు పెట్టాడు. చుక్క కాలరు మీదికి జారింది. వేలు అక్కడికి పోతే అది చేతి అంచుకి పోయింది. ఈగను తోలుతున్నట్టు కోటంతా తడిమాడు. భార్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు.

"మెరుపులు కూడా కనబడుతున్నాయా?"

"అది ఇస్త్రీపెట్టె వైరమ్మా."

"తెర దించినట్టు ఓ పక్క నీడ కమ్ముతోందా?"

"లేదు."

"అయితే ఇంకా సమయం ఉంది, ఇప్పుడే నాతో రండి. కంటి వెనక పొర చిరిగి ఉండొచ్చు. చినుగులోంచి నీరు దూరి పొర ఊడిందంటే చూపే పోవచ్చు."

"ఈ దుప్పట్లు ఇస్త్రీ చేసేసి..."

భార్య నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఆవిడే షట్టరు దించేసింది.

ఆసుపత్రిలో కంట్లో మందు వేసి చూస్తే పొర చిరిగే ఉంది. అదృష్టం బాగుండి ఇంకా ఊడలేదు. చినుగు చుట్టూ లేజరుతో కాల్చి, అది పెద్దది కాకుండా కట్టడి చేశారు. "పాత చుక్కలు కొన్నాళ్లు ఉంటాయి. కొత్తవి కనబడినా, మెరిసినా, నీడ కమ్మినా, నొప్పి లేదు కదా అని కూర్చోకండి," అంది డాక్టరమ్మ.

అప్పటి నుంచి రోజూ కొట్టు తెరవగానే భార్య తెల్లదుప్పటి ఎత్తి పట్టుకుంటుంది. ఆయన ఒక్కో కన్నూ మూసి చూస్తాడు. పాతవే అన్నాక గాని పని మొదలవదు.

ఓ ఉదయం ఆయన రెండు కళ్లూ మార్చి మార్చి మూసి చూస్తూనే ఉన్నాడు.

"ఏమైంది?"

"కొత్తదొకటి ఉంది. కుడి మూల."

ఆవిడ దుప్పటి కిందికి దించింది. కుడి మూలను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది, గోటితో గీకి చూసింది.

"ఇది మరకే. నేను సరిగ్గా జాడించలేదు."

మావయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆ మూలను చేతుల్లోకి తీసుకుని, "ఉండనీవే," అన్నాడు.