రబ్బరు ముక్క మీద పాదం

అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. వంచి, వాసన చూసి, రెండు లోపాలైనా వెతకనిదే ఏ వస్తువూ కొనను. కారులో పరిచే మ్యాట్ల కోసం వేలూరు అంగట్లో నమూనా ముక్కలు రెండు అడిగి తీసుకున్నాను. వాటిని చూపించి గుడియాత్తంలో తక్కువకు బేరమాడాలని నా తెలివి. ఒకటి గీతలున్న రబ్బరు, ఇంకొకటి నున్నటిది. వానకూ బురదకూ ఏది ఆగుతుందా అని బస్సులో గిల్లి చూస్తుంటే పక్క సీటాయన నవ్వాడు.

"గిల్లితే ఏం తెలుస్తాదప్పా? కాలు పెట్టి చూడల్ల."

ఆయన లారీ డ్రైవరు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గిందని, ఇక బండి నడపొద్దని ఆస్పత్రిలో చెప్పి పంపారట.

"లారీలోకి చెప్పులేసుకోని ఎక్కం నాయనా, మాకది గుడి మాదిరి. బ్రేకు యాడుండాదో ఇన్నేండ్లూ ఒట్టి కాలే చెప్పింది. డాక్టరుకేం తెలుసు? కింద ఒకటి పెట్టు, ఏది పెట్టినావో చెప్తాను."

చెప్పు విడిచి కళ్లు మూసుకున్నాడు. నున్నటిది పెట్టాను.

"గీతలది."

"కాదన్నా, నున్నటిది."

"బస్సు ఊగతా ఉండాది, అందుకే."

పల్లికొండలో బస్సు ఆగింది. "ఇప్పుడు పెట్టు" అన్నాడు. గీతలది పెట్టాను. బొటనవేలితో అటూ ఇటూ రుద్దాడు. చాలాసేపటికి, కళ్లు తెరవకుండానే కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రెండూ ఒకటి మాదిరే ఉండాయప్పా."

గుడియాత్తం అంగడాయన ఏది కావాలన్నాడు. రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని, ఏదీ తేల్చుకోలేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మేవాణ్ణే అడిగాను, "వీటిలో ఏది మంచిదప్పా?" అని.