మౌలాలి దాటిన విమానం

మా ముత్తాతగారు దేశ్‌ముఖ్. ఆయన గడీ వెనక అరబ్బీ గుర్రాల శాల ఉండేది. మా తాతగారు దేశ్‌ముఖ్. దర్బారులో ఆయనకు కుర్చీ ఉండేది. మా నాన్నగారు కూడా దేశ్‌ముఖే, కాకపోతే వచ్చే ఉత్తరాల మీద మాత్రమే, ఎందుకంటే అప్పటికే ఆ హోదా రద్దయి, ఊళ్ళు పోయి, వాటికి వచ్చిన పరిహారం ఒక్కటే చేతిలో మిగిలింది. దానితో ఆయన భూమి కొనలేదు, ఇల్లు కట్టలేదు. నాలుగు సీట్ల విదేశీ విమానం కొన్నారు.

ఇదంతా మొన్న తార్నాక మెట్రో స్టేషన్‌లో గుర్తుకొచ్చింది. బెంచీ మీద నా పక్కన ఒక అమ్మాయి యూనిఫాంలో కూర్చుని ఉంది. ఆ రైళ్ళు నడిపేది తనేనట, డ్యూటీ దిగి లాలాపేట్‌లోని ఇంటికి పోతోందట. అంత పెద్ద బండి ఎలా నేర్చుకున్నావని అడిగాను. “ముందుగాల్ల ఉత్తుత్తి బండిల నేర్పిస్తరు అమ్మమ్మా, అండ్ల ఎన్నిసార్లు గుద్దినా ఏం గాదు,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా వంశంలో ఒక ఆచారం ఉండేది. పిల్లలకు స్వారీ నేర్పేటప్పుడు పొట్టి తట్టు గుర్రం మీద ఎక్కించేవారు కాదు. ఎకాఎకిన నిలువెత్తు గుర్రం మీదే కూర్చోబెట్టేవారు. పడితే పడతారు, లేస్తారు. తట్టు మీద వంగిన నడుము మాత్రం మళ్ళీ నిటారుగా నిలవదని పెద్దల నమ్మకం. అరవైల చివర, నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో, ఆ ఆచారం నా మీదికి వచ్చింది. నాన్నగారు విమానంలో కాదు, కచేరీ మెట్ల మీద గుండె ఆగి పోయారు. నేనూ మా నాయనమ్మా తార్నాకలో ఒక మేడ మీద భాగంలో అద్దెకుండేవాళ్ళం. విమానం బేగంపేట షెడ్డులో ఉండేది. గుంటూరు వైపు పొగాకు వ్యాపారి ఒకాయన దానికోసం మనుషులను పంపుతూనే ఉన్నాడు. వానలు పడేలోగా మనుమరాలు ఒంటరిగా నడిపితే ఉంచుతాననీ, లేదంటే ఇచ్చేస్తాననీ నాయనమ్మ తేల్చి చెప్పింది. నాకు అది విమానం కాదు. నాన్నగారు నడిపేటప్పుడు వేసుకునే తోలు చేతి తొడుగులు ఇంకా అందులోనే ఉన్నాయి.

నేర్పేందుకు కుదిరినాయన లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఇంజన్ డ్రైవరు కొడుకు, వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు. కొత్తవాళ్ళకు మా విమానం తగదనీ, ఫ్లయింగ్ క్లబ్బులో ఉన్న గుడ్డ రెక్కల రెండు సీట్ల చిన్న విమానంలో ముందు చెయ్యి తిరగాలనీ, దాని చక్రాలు మాదాని వాటిలా లోపలికి ముడుచుకోకుండా ఎప్పుడూ కిందే ఉంటాయి కాబట్టి దించడం మరిచిపోయే భయం కూడా లేదనీ ఆయన మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు. నాయనమ్మ తమలపాకుల పెట్టె మూత టక్కున మూసింది. “మా ఇంట్ల తట్టు మీద ఎవ్వరు నేర్వలే నాయనా. నువ్వు నేర్పుతవా, ఇంకొకల్ని చూసుకొమ్మంటవా?” ఆయన నా వైపు చూశాడు. నేను నడుము ఇంకాస్త నిటారు చేసి కూర్చున్నాను.

విమానం ఉంది గాని కారు లేదు కదా, అందుకని క్యాంపస్ ముందర బస్సెక్కి, సొంత విమానం నేర్చుకోవడానికి నిలబడి ప్రయాణం చేసేదాన్ని. మొదటిరోజు నేల విడిచాక నాకు కలిగింది సంతోషం కాదు, దిగ్భ్రమ. నా జన్మలో ప్రతిదీ నాకోసం ఆగింది. అన్నం ఆగింది, పనివాళ్ళు ఆగారు, మేము చితికిపోయిన రోజుల్లో కూడా రిక్షావాడు ఆగాడు. అది ఆగలేదు. ఆర్ట్స్ కాలేజీ రాతి ముఖం రెక్క కింద కనబడగానే, మా మేడ ఏదా అని వెతికేలోపు చెవిలో ఆయన గొంతు పడింది. “దొరసానీ, నీ విమానం మౌలాలి దాటిపోయింది. నువ్వింక ఆర్ట్స్ కాలేజ్ కాడనే ఉన్నవ్.” వేగం కన్నా ఆ “నువ్వు” నన్ను ఎక్కువ అదరగొట్టింది. కిందికి దిగగానే మళ్ళీ “మీరు” అన్నాడు. గాల్లో మర్యాదకు టైముండదట.

నెలల తరబడి అదే మాట. వేగం తగ్గించడం గుర్తుంటే చక్రాలు దించడం మరిచేదాన్ని, చక్రాలు గుర్తుంటే ఎత్తు మరిచేదాన్ని. అయినా ఎండాకాలం చివర ఒకరోజు ఆయన తలుపు తీసుకుని దిగి, ఇక మీరే పొమ్మన్నాడు. చూడటానికి నాయనమ్మ వచ్చి క్లబ్బు వరండాలో కుర్చీ వేయించుకుంది.

తిరిగి దిగబోతుంటే, నేల దగ్గరవుతుండగా, లోపల హెచ్చరిక బూర మోగడం మొదలైంది. అది ఎందుకు మోగుతోందో నాకు తెలుసు, కాని ఆ తెలిసింది ఎక్కడో వెనక, తార్నాక మీద ఉండిపోయింది. వరండా, అందులో తెల్లచీర, చొక్కా విప్పి ఊపుతూ పరుగెత్తుతున్న ఆయన, అన్నీ కనబడ్డాయి. అప్పుడు మౌలాలి మాట గుర్తొచ్చింది. ఇంజను జోరు పూర్తిగా పెంచి పైకి లేపాను. ఒక చుట్టు తిరిగి వచ్చి, చక్రాలు దించి, కుదుపు లేకుండా దిగాను.

ఆయన చొక్కా తొడుక్కుంటూ, “రెండోసారి విమానం కన్న మీరే ముందున్నరు,” అన్నాడు. దీవెన కోసం నిటారుగా నడిచివెళ్ళాను. నాయనమ్మ నా వైపు చూడకుండా ఆయనతో అంది, “గీ పిల్లను రేపటి సంది గా చిన్నదాంట్ల కూసోబెట్టు.”

చెంప మీద కొట్టినట్టయింది. మనింట్లో తట్టు మీద ఎవరూ నేర్వలేదని ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాను.

“మనింట్ల ఇంకెవరున్నరు బిడ్డా?” అంది.

నేను ఆ చిన్నదానిలో ఎక్కలేదు, మాదానిలో ఆమె నన్నిక ఎక్కనివ్వలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఇప్పుడు తార్నాకలో మేము కాపురమున్న మేడ ఎత్తున రైళ్ళు పోతున్నాయి. ఉత్తుత్తి బండిలో లెక్కలేనన్నిసార్లు గుద్దుకుని నేర్చుకున్న పిల్లలు వాటిని సునాయాసంగా ఆపుతున్నారు, వాళ్ళ నడుములేమీ వంగలేదు. మొన్న నా రైలు వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఇంటికి పోతూ పోతూ, “ఎక్కు అమ్మమ్మా, తలుపులు వడ్తయ్,” అని నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకోలేదు.

మొదటి వాన పడకముందే విమానాన్ని గుంటూరు వ్యాపారికి అమ్మేశాం. నాన్నగారి తొడుగులు అందులోనే పోయాయి.