దీవిలో నీళ్లు పడ్డ రోజు

బోరు పాయింట్లు చూడటంలో మా బావకు వేంపల్లె చుట్టుపక్కల గొప్ప పేరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట బోరు వేయమంటాడు. ఆయన్ను నమ్మి మా నాన్న వేయించిన నాలుగు బోర్లలోనూ దుమ్మే లేచింది.

పోయిన ఎండాకాలం కర్నూలు వైపు, కృష్ణా నది వెనకజలాల్లో ఉన్న ఒక చిన్న దీవికి వెళ్లాను. అక్కడి పాత వీరగల్లును, యుద్ధంలో పడిపోయిన వీరుడి బొమ్మ చెక్కి నిలిపిన రాయిని, చూడాలని ఎన్నాళ్లుగానో నా కోరిక. తోడొస్తానని బావ కూడా నాతో పాటు పుట్టి, ఆ గుండ్రటి బుట్ట పడవ, ఎక్కాడు. కత్తి దూసిన ఆ వీరుడి ముఖమైనా చూడకుండా సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. సరిగ్గా రాయి ముందే కాయ నిలబడింది.

"ఈడ రాజుల బంగారం ఉండాది. గడ్డపార పట్టు," అన్నాడు. పుట్టిలో గడ్డపార ఎందుకు వేసుకొచ్చాడో అప్పుడు అర్థమైంది.

వద్దని ఒక్క మాట అనాల్సింది. అక్క మొగుడు కదా అని పట్టాను. మోకాలి లోతు తవ్వేసరికి రాయి ఒరిగి, వీరుడు నడుము దగ్గర రెండు ముక్కలయ్యాడు. గుంతలో బురదనీళ్లు ఊరాయి.

పుట్టి నడిపే ఈరన్న పరుగెత్తుకొచ్చి గుంతలోకి చూశాడు.

"చుట్టూరా నీళ్లు పెట్టుకొని నీళ్లు కనుక్కొంటివి గదప్పా! ఏటా మునిగి తేలినా కదల్లేదు ఆ రాయి," అని ఉమ్మేసి వెళ్లిపోయాడు.

తన కాయ ఆ రోజు తప్పలేదని బావ ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటాడు. నిజమే, ఆయన జన్మలో నీళ్లు పడింది అక్కడొక్కచోటే. కానీ గడ్డపార పట్టింది నేను.