భయం లేని మొహం ఆయన గీయలేదు

పెయింటరు బాబాయి పోయాడు. నేను లారీ తలుపుకి గ్రైండింగ్ పడుతుంటే మా షెడ్డు ఓనరు చెవి దగ్గర్నుంచి ఫోన్ తీయకుండానే వచ్చి చెప్పాడు. "ఒరేయ్, మిషను ఆపరా. పెయింటరు పోయాడంట. పొద్దున టీ తాగి గోడకి ఆనుకున్నోడు అట్టాగే పోయాడంట." నేను మిషను ఆపలేదు. ఆపితే ఆ మాట ఇంకోసారి వినాలి.

చిలకలూరిపేట హైవే పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు మాది. నేను వెల్డర్ని. బాబాయి ఆ లారీల వెనక దిష్టి రాక్షసుల మొహాలు గీసేవాడు. కోరలు, మీసాలు, వేలాడే నాలుక. ఆయన నాకు చుట్టం కాదు. మా వీధి చివర మసీదు పక్కిల్లు. ఊరందరికీ బాబాయే, నాకూ బాబాయే.

ఆయన పని మొదలుపెట్టే తీరు వేరు. ముందు డ్రైవర్ని బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇప్పించేవాడు. తర్వాత అడిగేవాడు, "రోడ్డు మీద నీకు దేనికి భయం?" కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. బాబాయి నవ్వేవాడు కాదు. మాచర్ల నుంచి రాళ్ల లోడు తోలే డ్రైవరు ఒకడు చాలాసేపు గీరలు పోయి, చివరికి "తెల్లారుజామున కన్ను మూతపడిద్దేమోనని" అన్నాడు. ఆ లారీ రాక్షసుడికి ఒక కనురెప్ప బరువుగా వాలింది. రాజుపాలెం మిరపకాయల లారీ వాడికి వానంటే భయం. వాడి రాక్షసుడి చూపు ఆకాశం మీద ఉంటుంది. కోరలు అందరికీ ఒకటే. భయం మాత్రం ఎవరిది వాళ్లది.

చేతులు గీయడం ఆయనకి రాదు. ఒకసారి పట్టుబట్టి రాక్షసుడికి చేతులు పెడితే, "ఏంది బాబాయ్, ఈ బండికి అరటిపళ్ల లోడా?" అని షెడ్డంతా ఏడిపించింది. ఆయన ఆ చేతుల మీద నల్లరంగు కొట్టి, "మేఘాలు" అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, ముందు నవ్వింది నేనని.

నేను పదితో చదువు ఆపేశాను. కానీ ఫోన్లో కథలు రాస్తాను, వేరే గ్రహాల నుంచి వచ్చే జీవుల మీద. ఈ సంగతిలో నాకు సినిమాల మీద ఒళ్లు మంట. ఎక్కడో నక్షత్రాల అవతల పుట్టినవాడికి మన ముక్కే, మన నోరే, మన నడకే. చెవులు కాస్త సాగదీసి, ఒంటికి నీలం రంగు పూసి గ్రహాంతరవాసి అంటారు. మనల్ని అంత వెర్రివాళ్లని అనుకుంటారు. అందుకే నా కథలో జీవికి మొహమే పెట్టలేదు. కళ్లు లేవు, చేతులు లేవు, జిగురులాంటి ముద్ద. హైవే పక్క షెడ్డులో దిగి, వెల్డింగు వెలుగు తింటూ బతుకుతుంది. రాసి గర్వంగా బాబాయికి చదివి వినిపించాను. దానికి బొమ్మ ఆయనే గీయాలని నా కోరిక.

చివరిదాకా విని, "ఇది చట్నీరా," అన్నాడు.

"నవ్వొద్దు బాబాయ్. వేరే గ్రహంలో పుట్టినదానికి మన ముక్కెందుకుంటది?"

"ఉండదు. కానీ చూసేవాడు ఈడే పుట్టాడు గదరా. గోడ పెచ్చూడితే అందులో కూడా మనం మొహమే ఎతుక్కుంటాం. కన్ను ఆగకపోతే దిష్టి ఎక్కడ ఆగిద్ది? నీ కథ ఎక్కడ ఆగిద్ది?"

"అయితే మనిషి మొహం పెట్టమంటావా? నేను పెట్టను."

"నాలుగు కళ్లు పెట్టు, అసలు పెట్టకపో. నాకేం బాధ లేదు. దానికి దేనికి భయమో చెప్పు, గీస్తా."

"దానికి భయం లేదు. వేల ఏళ్లు బతికిన జీవి అది."

"చానా గొప్పది. పోయి ఫ్లెక్సీ కొట్టించుకో."

కోపం వచ్చింది. ఆ కోపంలోనే కథ ఆన్‌లైన్లో పెట్టేశాను. చదివినవాళ్లు బాగుందన్నారు. ఆ జీవి గురించి మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. షెడ్డు గురించి అడిగారు, వెల్డింగు గురించి అడిగారు. జీవి కథలో ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. బాబాయికి చెప్తే ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "భయం దొరికితే రా. బొమ్మకి అట్టముక్క తీసి ఉంచుతా," అన్నాడు.

అప్పటికే ఆయన పని తగ్గిపోయింది. రాక్షసుల స్టిక్కర్లు వచ్చాయి. ఏ లారీ వెనక చూసినా ఒకటే మొహం, కంప్యూటర్లో పుట్టిన మొహం, దేనికీ భయపడని మొహం. నాకు వాటిని గోళ్లతో పీకెయ్యాలనిపించేది. "ఆళ్ల బండి, ఆళ్ల ఇష్టం," అనేవాడు బాబాయి. ఆ మాట అంటూ అటు చూసేవాడు కాదు.

ఆయన్ని మట్టి చేసి వచ్చిన మర్నాడు షెడ్డుకి వెళ్లాను. ఓనరు కొత్త వెల్డింగు అతుకు చూపించి, "ఏందిరా ఇది? కథలు రాసినట్టు అతికావు," అన్నాడు. దానికి బాబాయి ఏమంటాడోనని పక్కకి తిరిగాను. బల్ల ఖాళీగా ఉంది. నా జీవికి దేనికి భయమో అప్పుడు తెలిసింది. అంత దూరం వచ్చి ఒకే ఒక్క మనిషితో దానికి మాట కలుస్తుంది. ఒకరోజు ఇది ఎంత పిలిచినా వాడు పలకడు, తిరిగి తిట్టడు. అంతే దాని భయం. ముక్కున్నా లేకపోయినా ఆ భయంతో అది కథలో నిలబడుతుంది. వారం ముందు తెలిసుంటే పరుగెత్తుకెళ్లి చెప్పేవాణ్ణి. ఇప్పుడు కథ మార్చి రాశాను. నమ్మేలా ఉందని నాకే తెలుస్తోంది. దానికి మొహం మాత్రం రాదు. వేరే ఎవరి చేతా గీయించను. స్టిక్కరు వాడి దగ్గరికి అసలే పోను.

ఆయన కూర్చునే మూల గోడకి బ్రష్షులు తుడిచిన చోటు ఒకటుంది. ఏళ్ల తరబడి రంగు మీద రంగు పడి అరచేతి మందాన పేరుకుంది. సున్నం కొట్టిస్తానని ఓనరు అంటే, ముందు నన్ను పని మానిపించమన్నాను. సున్నం ఆలోచన మానుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక దాని దగ్గర కూర్చుంటున్నాను. ఎరుపు కింద పసుపు, పసుపు కింద నలుపు. పైన పెంకులా గట్టిపడింది. నిన్న బొటనవేలితో నొక్కి చూశాను. లోపల ఇంకా ఆరలేదు.