నీ ముందట ఎవరు?

ఆ రోజుల్లో నాకు పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చేసిందని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. బహ్రెయిన్‌లో ఒక క్యాంపులో టైంకీపర్ని. ఫోన్లో వీడియోలు చూసి నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసేసరికి కళ్లు నెత్తికెక్కాయి. సెలవు మీద ఇంటికి ఎవరి తర్వాత ఎవరు వెళ్లాలో, ఆ వరస ఒక ఫైల్లో ఉండేది. ముందురోజు ముహర్రక్‌లో విమానం దిగిన కొత్తవాళ్ల పేర్లు దాని చివర చేర్చమన్నాడు మేనేజరు. చేత్తో టైపు చేస్తే పోయేదానికి ప్రోగ్రాం రాశాను.

శుక్రవారం, డ్యూటీ లేదు. ప్రోగ్రాం నడిపి చూస్తే ఫైల్లో కొత్తవాళ్లే ఉన్నారు, పాతవాళ్లు ఒక్కరూ లేరు. ఫైలు తెరిచేటప్పుడు 'ఎ' అని రాస్తే చివర చేరుస్తుంది. 'డబ్ల్యు' అని రాస్తే ఉన్నదంతా తుడిచేసి మొదట్నుంచి రాస్తుంది. నేను డబ్ల్యు రాశాను. (ముందు కాపీ తీసి పెట్టుకోమని వీడియోలో చెప్పాడట. ఆ ముక్క దగ్గర ముందుకు జరిపేశాను.) నమాజు కాగానే మేనేజరు మనామా నుంచి వచ్చి, ఆ వరసను మా వీసాలిచ్చిన యజమాని, కఫీల్, సంతకానికి తీసుకెళ్తాడు. అది లేకపోతే ఆయనకు నచ్చినవాళ్లే ముందు వెళ్తారు. అందులో మొదటి పేరు మా గదిలోని కాకది. ఆయన ఇక్కడికొచ్చాక పుట్టిన బిడ్డకు నడక కూడా వచ్చేసింది, ఈయన ఇంకా ఎత్తుకోనేలేదు.

ఏడుపు ఆపుకుంటూ కాకకే చెప్పాను. ఉల్లిగడ్డలు కోస్తున్నవాడల్లా కత్తి పక్కన పెట్టాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఏడ్వకు బిడ్డా. తన ముందట ఎవడున్నడో ఎవన్ని నిద్రల లేపి అడిగినా చెప్తడు. పోయి అడుగు" అన్నాడు.

గది గదికీ పరిగెత్తాను. బట్టలు ఉతుకుతున్నవాణ్ణి, మొహం నిండా సబ్బున్నవాణ్ణి, పెళ్లాంతో వీడియో కాల్లో ఉన్నవాణ్ణి కూడా వదల్లేదు. అడిగినవాడి పేరు, వాడు చెప్పినవాడి కింద రాసుకుంటూ పోయాను. ఒక్కడు తడుముకుంటే ఒట్టు. "నా ముందు మా పొడుగన్నండి. ఆయన ఎల్తేనే కదండీ నాకు దారి" అన్నాడో కాకినాడాయన, పాపం ఆ పొడుగన్న కదలకుండా తనకే అడ్డం కూర్చున్నట్టు. గేటు దగ్గర మేనేజరు కారు ఆగేసరికి వరస మొత్తం ఎక్కించాను. (చేత్తోనే.) ఆయన అనుమానం లేకుండా తీసుకెళ్లాడు.

కాక వెళ్లాడు, బిడ్డనెత్తుకున్న ఫోటో పంపాడు. ఆ సంతోషంలో ఫైలు తీరిగ్గా చదువుకుంటే అందులో నేను లేను. పాతవాళ్లలో ఆఖరివాణ్ణి నేనే. నా వెనక ఉన్నవాళ్లు అప్పుడే దిగారు, తమ ముందున్న ఎవరి మీద కన్నేయాలో వాళ్లకింకా తెలీదు. సంతకం అయిపోయింది, ఖలాస్. కొత్తవాళ్లంతా వెళ్లొచ్చాకే నేను ఇల్లు చూశాను.

ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ టైంకీపరు కుర్రాణ్ణి, తిట్టాలనిపించదు. క్యాంపంతా తిరిగి అందర్నీ అడిగాడు గానీ, నీ ముందట ఎవరని వాణ్ణి అడిగినవాడు ఒక్కడూ లేడు పాపం.